సర్పంచులకు శాలువా కప్పితే ఊరికి నీళ్లొస్తయా? (నాయకుల మధ్య పరిచర్య)

డిండి_వాగు
మా మండలంల 24 గ్రామాలు. డిసెంబర్ల గెలిచిన సర్పంచులను, ఉపసర్పంచులను పిలిచి పాస్టర్ల ఫెలోషిప్ తరఫున ‘నాయకుల ఆశీర్వాద కూడిక’ పెట్టాలని కమిటీ అనుకుంటున్నది. ఖర్చు లెక్క ఇది: 48 శాలువాలు 250 చొప్పున 12,000. 48 జ్ఞాపికలు 14,400. రెండు వందల మందికి భోజనం 36,000. టెంటు, మైకు, ఫ్లెక్సీలు 12,000. మొత్తం 74,400. అంతా చర్చి సంఘాల చందాలే.

నాయకుడు మారితే ఊరు మారుతదని పెద్దలంటరు. సరే, ఎట్ల మారుతది? తాగునీళ్లు, బడి, మోరీలు, శ్మశానానికి దారి, ఈ నాలుగిట్ల ఒక్కదానికన్నా ఈ కూడిక పనికొస్తదా? తెలిసినోళ్లు పద్ధతి చెప్పండి. బైబిల్ వాక్యాలు వద్దు, అవి కమిటీ దగ్గర చానా ఉన్నయి.

నడిగడ్డోడు
గెలిచిన నాటి నుంచి కప్పుతనే ఉన్నరు. ఒక్కో సర్పంచ్ ఇంట్ల శాలువాలకు బీరువా సపరేటు. మీది ఇంకోటి.

కల్వకుర్తి_కాపరి
కూడిక ఆఖరున పెట్టుకునేది, మొదట కాదు. కాపరి (పాస్టర్) రోగిని చూడబోయినట్టే నాయకుడి దగ్గరకు పోవాలి: ఇంటికి, నిశ్శబ్దంగా, మళ్లీ మళ్లీ.

ఇద్దరే వెళ్లండి. నలుగురైతే వినతిపత్రం తెచ్చారనుకుంటారు, ఒక్కరైతే సొంత పనికొచ్చాడనుకుంటారు. పొద్దున ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి. ఏడు దాటితే వాకిట్లో జనం చేరతారు, ఇక ఆయన మీతో మాట్లాడుతూ వాళ్లను చూస్తుంటాడు. పదిహేను నిమిషాలు చాలు, చాయ్ ఇస్తే ఇరవై. ఫొటో వద్దు. మొదటి మూడు సార్లు ఏమీ అడగొద్దు, మందిరం (చర్చి) ప్రహరీ సంగతి అసలే ఎత్తొద్దు. "మీ కోసం ఏమని ప్రార్థన చేయమంటారు?" అని మాత్రం అడగండి. జవాబు ఊరి సంగతై ఉండదు. ఎన్నికల అప్పు, బిడ్డ పెండ్లి, తల్లికి డయాలసిస్, ఇట్లాంటివి వస్తాయి.

సర్పంచ్ క్రైస్తవుడు కాకపోతే ప్రార్థన చేయొచ్చా అని ముందు అడగాలి. వద్దంటే నవ్వి లేచి రావాలి, నెల తర్వాత మళ్లీ పోవాలి. సరేనంటే కూర్చున్న చోటే, మామూలు గొంతుతో, రెండు నిమిషాలు. తల మీద చేతులుంచడాలు, నూనె రాయడాలు వద్దు.

విన్నది బయటికి పొక్కకూడదు. "ఫలానా సర్పంచ్ గారి అప్పులు తీరాలని ప్రార్థిద్దాం" అని ఆదివారం మైకులో అన్న రోజే ఆ ఇంటి తలుపు మూసుకుంటుంది.

ఓడిన అభ్యర్థి ఇంటికి కూడా అదే వారంలో పోవాలి. దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు. వదిలేస్తే మీరు గెలిచిన వర్గం మనుషులని ఊరంతా ఖాయం చేసుకుంటుంది.

నడిగడ్డోడు
ఓడినోని ఇంట్ల చాయ్ కూడా దొరకదు అన్నా.

కల్వకుర్తి_కాపరి
అందుకే అక్కడికి ఎవరూ పోరు. అందుకే పొమ్మంటున్నా.

మూసీ_గట్టు
ఇదంతా మంచి కాపరితనమే, కాదనను. దీన్ని అభివృద్ధి అనకండి. ప్రార్థనకు సీసీ రోడ్డు పడదు. తీర్మానం, ఎస్టిమేట్, మంజూరు, పని, ఎంబీలో (కొలతల పుస్తకంలో) నమోదు, బిల్లు, ఇదీ దాని దారి. ఇంకో చిక్కుంది. నాయకుడితో సాన్నిహిత్యం పెరిగే కొద్దీ సంఘం గ్రామసభకు పోవడం మానేస్తుంది. "పాస్టర్ గారు మాట్లాడతారులే" అనుకుంటారు. పాస్టర్ గారేమో మొహమాటపడతారు. నష్టపోయేది ఎవరు? కాలనీలో మోరీ పక్కన ఉండేవాళ్లు.

పాత_కార్యదర్శి
మూసీ గారు చెప్పిన దారి సరైనదే. అది ఎక్కడ తెగుతుందో చెబుతాను.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి, పంచాయతీ పాలకవర్గం నెలనెలా కూర్చోవాలి. గ్రామసభలో లేచి అరిస్తే అది రికార్డుకెక్కదు. సభకు వారం ముందే ఒక కాగితం మీద పని పేరు, వార్డు, ఎంత పొడవు, ఎన్ని ఇళ్లకు ఉపయోగం అని రాసి కార్యదర్శికి ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి. సభ అయ్యాక తీర్మానం నంబరు అడగండి. నంబరు లేని పనిని ఎంపీడీఓ ఆఫీసులో ఎవరూ పట్టించుకోరు.

రెండోది కాలం. గ్రామ ప్రణాళిక కసరత్తు అక్టోబర్‌లో మొదలవుతుంది. ప్రణాళికలో ఎక్కని పనిని ఫిబ్రవరిలో అడిగితే సర్పంచ్ మంచివాడైనా చేసేదేమీ ఉండదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే కట్టేశారు. మిగతా 40 శాతమే ఇతర అవసరాలకు. అంటే డిండి గారు చెప్పిన నాలుగింట్లో నీళ్లకు, మోరీలకు ఆ నిధుల్లో ముందే డబ్బు కేటాయింపు ఉండేది. శ్మశానం దారి ఆ 40లో మిగతా పనులన్నిటితో పోటీ పడాల్సి వచ్చేది. ఈ తేడా తెలియకుండా అన్నీ కలిపి ఒకే వినతిపత్రంలో రాస్తారు, అన్నీ కలిపి పక్కన పెడతారు.

మూడోది చెక్కు. 2018 చట్టం సర్పంచ్‌కు, ఉపసర్పంచ్‌కు కలిపి చెక్ పవర్ ఇచ్చింది. సర్పంచ్‌ను ఊరు ఎన్నుకుంటుంది, ఉపసర్పంచ్‌ను వార్డు సభ్యులు తమలోంచి ఎన్నుకుంటారు. కాబట్టి ఇద్దరూ ఎదురెదురు వర్గాల వాళ్లు కావడం మామూలే. ఒకరు సంతకం పెట్టి పంపిన చెక్కు ఇంకొకరి ఇంట్లో టీవీ మీద పడి ఉంటుంది. వీధిదీపాల బల్బులు రావు. ట్రాక్టర్‌కు డీజిల్ ఉండదు, చెత్త లేవదు. పారిశుధ్య కార్మికులకు జీతం ఆగుతుంది. నిధుల్లేక ఆగిన పనులకంటే ఇలా సంతకం దగ్గర ఆగినవి తక్కువేమీ కాదు. మీరు 48 శాలువాలు పక్కపక్కనే కప్పుతారు, వాళ్లు ఫొటోకు నవ్వుతారు. చెక్కు మాత్రం టీవీ మీదే ఉంటుంది.

మూసీ_గట్టు
ఆ టీవీ మీది చెక్కుకు నా దగ్గర జవాబు లేదు. ఆర్టీఐ వేసినా అది కదలదు.

కల్వకుర్తి_కాపరి
అక్కడే కాపరి పని మొదలవుతుంది. ఎంపీడీఓ నోటీసు ఇవ్వగలడు, ఇద్దరినీ ఒక మంచం మీద కూర్చోబెట్టలేడు.

సమాధానపరచడానికీ పద్ధతుంది. మొదట విడివిడిగా రెండేసి సార్లు వినాలి. అలక దేని మీదో తేల్చాలి: ఎన్నికల్లో అన్న మాటా, పొలం గట్టా, పాత బిల్లులో వాటానా. వాటా గొడవ అయితే తప్పుకోండి. అది సమాధానపరిస్తే దొంగతనానికి పెద్దమనిషి అయినట్టే. మాట పట్టింపు అయితేనే ముందుకు పోవాలి. కలిపే చోటు సర్పంచ్ ఇల్లు కాకూడదు, ఉపసర్పంచ్ ఇల్లు కాకూడదు, మందిరం అసలే కాకూడదు. బడి మంచిది, ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉంటుంది. మొదటి రోజే అన్ని చెక్కుల సంగతి ఎత్తొద్దు. కార్మికుల జీతాల చెక్కు ఒక్కటే అడగండి. దానికి కాదనడం ఎవరికైనా కష్టం.

నడిగడ్డోడు
వాటా గొడవైతే తప్పుకోమన్నరు చూడు, ఆ ఒక్క లైనుకే 74,400 మిగిలింది.

కోయిల్‌సాగర్_అక్క
అందరూ "ఆయన", "సర్పంచ్ గారు" అని రాస్తున్నారు. సగం సీట్లు ఆడవాళ్లవి. ఇద్దరు పాస్టర్లు పొద్దున ఆరున్నరకు పోతే కుర్చీలో కూర్చుని మాట్లాడేది ఆమె భర్త. ఆమె పొయ్యి కాడ ఉంటుంది. మీరు ప్రార్థన చేసి వస్తారు, ఎన్నికైన మనిషిని చూసే ఉండరు.

ఆ ఊర్లకు స్త్రీల సమాజం నుంచి ఇద్దరు పోవాలి. పొద్దున కాదు, మధ్యాహ్నం మూడు తర్వాత. పత్తి ఏరే కాలంలో అయితే దీపాలు పెట్టాకే. వీలైతే ఇంట్లో కాకుండా పంచాయతీ ఆఫీసులోనే కలవండి, ఆమె కుర్చీలో ఆమె కూర్చున్నప్పుడు. ప్రార్థనతో పాటు ఇంకోటి చేయొచ్చు. పంచాయతీల లెక్కలుండే ప్రభుత్వ సైటు ఈ-గ్రామస్వరాజ్‌లో ఊరి పేరు కొడితే ఏ పనికి ఎంత చెల్లించారో ఫోన్లో కనబడుతుంది. అది పక్కన కూర్చుని చూపించండి. తను సంతకం పెట్టిన డబ్బు ఎవరి ఖాతాకు పోయిందో ఒకసారి చూసుకున్న సర్పంచ్ రెండోసారి ఖాళీ చెక్కు మీద సంతకం చేయదు.

డిండి_వాగు
అక్కా, మా 24 మందిల 13 మంది ఆడోళ్లే. కమిటీల ఒక్క ఆడమనిషి లేదు. ఇది రాస్తుంటేనే సిగ్గనిపిస్తున్నది.

వనపర్తి_వకీలు
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు.

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951 (ఎంపీ, ఎమ్మెల్యే ఎన్నికలది), సెక్షన్ 123(3): మతం పేరుతో ఓటు అడగడం అవినీతి చర్య, ఎన్నికే రద్దు కావచ్చు. అభ్యర్థి మతం ఒక్కటే కాదు, ఓటరు మతం పేరుతో అడిగినా ఇందులోకే వస్తుందని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3తో తేల్చింది. 123(2) ఇంకా దగ్గరగా తగులుతుంది: ఓటు వేయకపోతే దేవుని ఆగ్రహానికి గురవుతారని నమ్మించడం కూడా అనుచిత ఒత్తిడే. పుల్పిట్ (ప్రసంగ వేదిక) మీద అలవాటుగా దొర్లే మాటలివి, జాగ్రత్త.

మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం 1988 ఎన్నికలు ఉన్నా లేకపోయినా వర్తిస్తుంది. మందిరం ఆవరణను రాజకీయ ప్రచారానికి వాడితే ఐదేళ్ల దాకా శిక్ష. సర్పంచ్ వచ్చి వాక్యం విని పోతే ఇబ్బంది లేదు. మైకు ఇచ్చి "రెండు మాటలు మాట్లాడండి" అంటేనే ఇబ్బంది, ఎందుకంటే ఆ రెండు మాటలు ఎప్పుడూ రెండు కావు.

విదేశీ నిధులు వచ్చే సంస్థ ఏదైనా ఈ కార్యక్రమంలో చేయి పెడుతుంటే ఆ పైసలు దూరం పెట్టండి. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) 2010 సెక్షన్ 3 ప్రకారం అభ్యర్థులకు, శాసనసభ్యులకు, పార్టీలకు విదేశీ విరాళం చేరకూడదు. 2020 సవరణలో ‘పబ్లిక్ సర్వెంట్’ అనే మాటా చేరింది. ఒక సంస్థకు వచ్చినది ఇంకో సంస్థకు బదలాయించడం కూడా అదే సవరణతో బంద్. శాలువా అయినా సరే.

మూసీ_గట్టు
ఫొటోలు వద్దని కాపరి గారన్నారు. ఎస్సీ రిజర్వుడు ఊర్లలో దానికి ఇంకో కారణం కూడా ఉంది, ఎవరూ పైకి అనరు.

వనపర్తి_వకీలు
నేనంటాను. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా: హిందూ మతం కాక వేరే మతం పాటించేవారు ఎస్సీలు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను మినహాయించారు. క్రైస్తవులను మినహాయించలేదు. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవులైనవారు బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. దీన్ని పరిశీలించడానికి 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. చట్టం మాత్రం ఇప్పటికీ పాతదే. ఎస్సీ సీటు మీద గెలిచిన సర్పంచ్ బాప్తిస్మం ఫొటో "దేవునికి మహిమ" అని స్టేటస్ పెడితే, ఓడిన మనిషికి కేసు కాగితం మీరే చేతికిచ్చినట్టు.

పాలమూరు_పిల్లోడు
అంటే విశ్వాసం దాచుకొమ్మని మనమే నేర్పిస్తమా?

కల్వకుర్తి_కాపరి
దాచమని చెప్పే హక్కు కాపరికి లేదు. ఫొటో తీసి ఆయన బదులు ప్రకటించే హక్కూ లేదు. చట్టం ఏమంటుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఏం చేయాలో ఆయన, ఆయన ఇంటివాళ్లు నిర్ణయించుకుంటారు.

పాలమూరు_పిల్లోడు
నాకు మింగుడుపడ్తలేదు. సీటు కోసం కాగితం మీద ఒకటి, ఆదివారం ఇంకోటి. నాయకుల మధ్య పరిచర్య అనుకుంట మొట్టమొదట నేర్పేది ఇదా?

వనపర్తి_వకీలు
మింగుడుపడకూడదు కూడా. తప్పు ఆ సర్పంచ్‌దా, 1950 ఉత్తర్వుదా అనేది వేరే చర్చకు సరిపోతుంది.

మర్రిగూడ_నీళ్లు
ఇగ పని మాట. ప్రార్థన చేసేటోడు, అర్జీ ఇచ్చేటోడు ఒక్కరే కావొద్దు. కాపరి అర్జీ పట్టుకొచ్చిండంటే తర్వాత ప్రతి ప్రార్థన వెనుక "ఇప్పుడేం అడుగుతడో" అని ఎదురుచూస్తరు. అర్జీలకు సంఘంలోంచి ఇద్దరు యువకులను వేరే పెట్టండి, వాళ్ల పుస్తకం వేరే.

ఫ్లోరైడ్ ఉన్న ఊర్ల మొదటి అర్జీ నీళ్లదే కావాలె. "మా నీళ్లు బాగలేవు" అని రాస్తే ఎవరూ చదవరు. రిపోర్టు జతచేయాలె. లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి, గాజుది వద్దు, ఫ్లోరైడ్ గాజుతోని కలుస్తది, లెక్క తప్పుతది. బోరు నీళ్లు ఐదు నిమిషాలు పారనిచ్చి, ఆ నీళ్లతోనే సీసా మూడుసార్లు కడిగి, అప్పుడు నింపాలె. మీద ఊరు, బోరు ఉన్న చోటు, లోతు, తేదీ, టైము రాసి ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబుకు ఇయ్యాలె. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకుంటే 1.5 దాకా. అంతకు మించితే తాగే బోరు కాదని ఎర్రరంగు వేయించండి, మూసేయొద్దు, బట్టలకు, పశువులు కడగటానికి పనికొస్తది. కాచి తాగితే పోతదని ఇంకా నమ్ముతరు. కాస్తే నీళ్లు తగ్గి ఫ్లోరైడ్ చిక్కబడుతది.

2015ల చౌటుప్పల్‌ల పైలాన్ వేసి మొదలైన మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నయి కదా అంటరు. ఊరిదాకా వస్తయి. తర్వాత ట్యాంకు కడగరు, వాల్వు దగ్గర లీకు, చివరి గల్లీకి అందవు. జనం మళ్ల బోరుకో, 20 లీటర్ల క్యానుకో పోతరు. ట్యాంకు మీద కడిగిన తేదీ రాసి ఉంటది, ముందు అది చూడండి. తేదీ పాతదైతే ఇది ఎమ్మెల్యే దాకా పోయే పని కాదు, సర్పంచ్ ఒక్క మాటతో అయ్యే పని. ఇసుమంటి చిన్న పనితోనే మొదలుపెట్టాలె.

నడిగడ్డోడు
నల్గొండ పద్ధతి అని పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపేది పెట్టించొచ్చు కదా. పేరే మనది.

మర్రిగూడ_నీళ్లు
పేరు మనది, కష్టం కూడా మనదే. పటిక ఎంత వేయాల్నో నీళ్ల క్షారాన్ని బట్టి, ఫ్లోరైడ్‌ను బట్టి మారుతది. ఎక్కువ పడితే అల్యూమినియం మిగులుతది. అడుగున చేరిన బురద దినాం తీసిపారేయాలె. రోజూ చేసే మనిషి లేకనే ఊర్లల్ల ఆగిపోయింది. గొట్టం నీళ్లు సరిగ్గ రప్పిచ్చుకునుడే సులువు.

పాలమూరు_పిల్లోడు
మందిరం పక్కన కమ్యూనిటీ హాలుకు ఎంపీని అడగొచ్చా? ఏడాదికి 5 కోట్లు ఉంటయి కదా.

పాత_కార్యదర్శి
మత సంస్థ స్థలంలో ఎంపీ నిధులతో ఏ పనీ చేయరాదు, ప్రహరీ కూడా. అడిగితే ఎంపీ గారు "చూద్దాం" అంటారు, కలెక్టరేట్‌లో తిరస్కరిస్తారు, ఎంపీ మోసం చేశాడని ఊర్లో అనుకుంటారు. ఆ నిధుల్లో 15 శాతం ఎస్సీ, 7.5 శాతం ఎస్టీ ఆవాసాలకు ఖర్చు చేయాలి. కాలనీలో ప్రభుత్వ స్థలం సర్వే నంబరు, ఇళ్ల లెక్క, తీర్మానం నంబరు పెట్టి అడగండి, అప్పుడు ఎంపీకి కూడా సులువు. సర్పంచ్ పరిధి దాటిన సమస్యకు సోమవారం ప్రజావాణి ఉంది, అర్జీ నంబరు తీసుకుని రండి. కదలకపోతే ఆర్టీఐ: గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు.

మూసీ_గట్టు
వాక్యాలు వద్దని డిండి గారన్నారు గానీ ఒక్కటి పనికొస్తుంది. యెరూషలేము గోడ కట్టబోయిన నెహెమ్యా, పర్షియా రాజు ముందు నిలబడినప్పుడు "నన్ను దీవించు" అనలేదు. నది అవతలి అధికారులకు ఉత్తరాలు, అడవులు కాసే ఆసాపుకు ఒక ఉత్తరం, ఏ గుమ్మానికి ఏ గోడకు మ్రాను కావాలో లెక్క, ఎన్నాళ్లలో తిరిగొస్తాడో గడువు. అంటే ఎస్టిమేట్ జేబులో పెట్టుకునే పోయాడు.

కల్వకుర్తి_కాపరి
దావీదు రాజు తప్పును ఆయనకే చెప్పిన ప్రవక్త నాతానునూ మరవొద్దు. తప్పు కనబడితే చెప్పాలి, కానీ ఎదురుగా, తలుపు వేసి. ఆయన ఇంట్లో చాయ్ తాగి ఫేస్‌బుక్‌లో తిట్టడం ప్రవక్త పని కాదు.

కోయిల్‌సాగర్_అక్క
ఆపాల్సింది ఇంకోటి ఉంది, ప్రవచనాలు. "మీరు ఎమ్మెల్యే అవుతారని ప్రభువు చూపించాడు" అంటే సర్పంచ్‌కు సంతోషమే. కాకపోతే మళ్లీ మీ ముఖం చూడడు. నిజంగానే ఎమ్మెల్యే అయితే ఇంకా ప్రమాదం, జీవితాంతం మీ మాట వింటాడు.

నడిగడ్డోడు
ఒకే వార్డుల ముగ్గురికీ అదే ప్రవచనం చెప్పినోళ్లున్నరు. ఒకటి పక్కా నిజమైతది.

పాలమూరు_పిల్లోడు
ఎదురు వర్గాలను కలపడం మన పనే కాదేమో, మనోళ్లను నిలబెట్టి గెలిపిచ్చుకోవాలె గానీ.

మూసీ_గట్టు
ఆ చర్చ పాతదే. దోర్నకల్ బిషప్ అజరయ్య, 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్, క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు వద్దన్నాడు. మతం ఒక ఓటు బ్యాంకుగా గడ్డకడితే పల్లెలో మాలమాదిగల మధ్య చేసిన పనంతా అనుమానం పాలవుతుందని ఆయన భయం. నిలబడేవాళ్లు పౌరులుగా నిలబడండి, సంఘం పేరుతో వద్దు.

డిండి_వాగు
రాత్రి కమిటీ కూర్చున్నది. శాలువాలు, జ్ఞాపికలు, భోజనం కొట్టేసినం. 24 ఊర్లకు 12 జంటలు, అందుల ఏడు జంటలు స్త్రీల సమాజం నుంచి. ఊరికి రెండు నోటుబుక్కులు, మొత్తం 48, పాతిక రూపాయల చొప్పున 1,200. సీసాలు, పెట్రోలు నెలకు 6,000 అనుకున్నం. అధ్యక్షుడు ఒక్క ఫ్లెక్సీ అన్నా ఉండాలంటున్నడు, ఇంకా లొల్లి నడుస్తున్నది.

రెండు అనుమానాలు. ప్రార్థన పుస్తకంల ఏం రాయాలె? సర్పంచ్, ఉపసర్పంచ్ పడని ఊర్లు ఆరు తేలినయి, అక్కడ ఎవరింటికి ముందు పోవాలె?

కల్వకుర్తి_కాపరి
ప్రార్థన పుస్తకంలో తేదీ, పోయిన ఇద్దరి పేర్లు, మళ్లీ పోవాల్సిన తేదీ. చెప్పుకున్న సంగతి రాయొద్దు, పుస్తకం ఎవరి చేతిలోనైనా పడొచ్చు.

ఆ ఆరు ఊర్లలో ఒకే పొద్దున రెండిళ్లకూ పోండి. ముందు ఉపసర్పంచ్ ఇంటికి. సర్పంచ్ ఇంటికి అందరూ ముందే పోతారు, అది ఆయనకు తెలుసు.

నడిగడ్డోడు
టీవీ దిక్కు చూడకుండ్రి మరి.